కడుపులో గట్టి గడ్డ: యాక్టినోమైకోసిస్‌ను ముందుగా అనుమానించడం గురించి

(హైదరాబాద్‌లో వైద్య విద్యార్థులు, సాధారణ శ్రోతలు పాల్గొన్న ఒక సభలో పాథాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థులు కూర్చున్నారు. వెనక వరుసల్లో వైద్యంతో సంబంధం లేనివారు, ఇంట్లో ఎవరికో కడుపులో గడ్డ వచ్చి ఆసుపత్రుల చుట్టూ తిరిగినవారు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందరికీ అర్థమయ్యేలా మాట్లాడతాను. ఎక్కడైనా అర్థం కాకపోతే చెయ్యెత్తి ఆపండి.

నేను పాథాలజిస్టును. మామూలుగా నేను రోగిని చూడను, రోగి శరీరంలోంచి తీసిన ముక్కను చూస్తాను. ఈ రోజు చెప్పబోయే జబ్బు విషయంలో ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. కడుపులో వచ్చే యాక్టినోమైకోసిస్‌ను మొట్టమొదట గుర్తించేది చాలాసార్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషే. అప్పటికే జానెడు పేగు ఫార్మలిన్ (ముక్క కుళ్లిపోకుండా ఉంచే ద్రావణం) డబ్బాలో ఉంటుంది. ఇంతవరకు వైద్య పత్రికల్లో నమోదైన కేసులు చూస్తే, ఆపరేషన్‌కు ముందే గుర్తించినవి 10 శాతం కూడా లేవు. పోనీ, ఇది మందులేని జబ్బా అంటే, పెన్సిలిన్‌తో నయమవుతుంది. మందు దొరుకుతుంది, ధర కూడా తక్కువే. దొరకనిదల్లా సరైన సమయంలో ఒక్క అనుమానం. ఆ అనుమానం ఎక్కడ, ఎప్పుడు రావాలో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ముందు ఆ సూక్ష్మజీవి సంగతి. ఈ జబ్బు తెచ్చే యాక్టినోమైసిస్ అనే బ్యాక్టీరియా మన శరీరానికి కొత్తది కాదు. పళ్ల మీద పేరుకునే గారలో, టాన్సిల్స్ మడతల్లో, పెద్దపేగులో, స్త్రీల జననాంగాల్లో ఎప్పుడూ ఉంటుంది. మనుషుల్లో జబ్బు తెచ్చే జాతుల్లో ముఖ్యమైనది యాక్టినోమైసిస్ ఇజ్రేలి. సన్నని పోగుల్లా కొమ్మలు వేస్తూ పెరుగుతుంది కాబట్టి 19వ శతాబ్దంలో దీన్ని శిలీంధ్రం అనుకున్నారు. 1877లో జర్మనీలో బోలింగర్ పశువుల దవడ వాపులో దీన్ని వర్ణించాడు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో జేమ్స్ ఇజ్రేల్ అనే సర్జన్ మనుషుల్లో ఈ జబ్బును వర్ణించాడు. 1891లో వోల్ఫ్, ఇజ్రేల్ కలిసి గాలి సోకకుండా దీన్ని పెంచి చూపించారు. ఇది బ్యాక్టీరియా అని ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా రిపోర్టులో ఈ పేరు చూడగానే ఫంగస్ మందు రాసేసే అలవాటు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. పీజీ విద్యార్థులకు గట్టిగా చెబుతున్నాను, ఫంగస్ మందులు దీని మీద పనిచేయవు.

పేగు లోపలి పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఈ బ్యాక్టీరియా వల్ల హాని లేదు. ఆ పొరకు ఎక్కడో చిల్లు పడాలి. అందుకు ఎక్కువగా దారి ఇచ్చేది అపెండిక్స్. మన ఇళ్లలో 24 గంటల కడుపునొప్పి అంటారే, ఆ అపెండిక్స్ చీముపట్టి పగిలినప్పుడు బ్యాక్టీరియా పేగు బయటికి వస్తుంది. మింగిన చేప ముల్లో, కోడి ఎముక ముక్కో పేగుకు గుచ్చుకున్నా అంతే. కడుపు ఆపరేషన్లు, కత్తిపోట్లు, పిత్తాశయం తీసేటప్పుడు లోపల జారిపడి మిగిలిపోయిన రాళ్లు, ఇవన్నీ దారులే. ఆ తర్వాత జరిగేది చాలా నెమ్మదిగా జరుగుతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. బ్యాక్టీరియా చుట్టూ శరీరం గట్టి పీచు కణజాలాన్ని కడుతుంది, మధ్యలో చిన్న చిన్న చీము గూళ్లు ఏర్పడతాయి. మామూలు ఇన్ఫెక్షన్లు పొరల హద్దుల్ని కొంతైనా గౌరవిస్తాయి. ఇది హద్దులు చూడదు. పేగులోంచి పొట్ట కండరాల్లోకి, అక్కడి నుంచి చర్మందాకా తొలుచుకుంటూ పోతుంది. చివరికి చర్మం మీద రంధ్రం పడి చీము కారుతుంది. ఆ చీములో పసుపుపచ్చని గింజలు కనిపిస్తాయి. ఉప్మారవ్వ గింజంత ఉంటాయి, కొన్ని అంతకన్నా చిన్నవి. గంధకపు రేణువులని పిలుస్తారు గానీ అవి బ్యాక్టీరియా పోగులు ముద్దకట్టినవే.

ఇప్పుడు ఒక రోగిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇలాంటి కేసుల్లో కనిపించే లక్షణాలను ఒక మనిషిలో చేర్చి చెబుతున్నాను. మల్కాజిగిరిలో కిరాణా దుకాణం నడుపుకునే యాభై ఏళ్లాయన. కొన్ని నెలలుగా కుడివైపు పొత్తికడుపులో నొప్పి. సాయంత్రం పూట కాస్త జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం. చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా, కదలని గడ్డ. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ, ఒంట్లో వాపును సూచించే ఈఎస్సార్ ఎక్కువ. ఏడాదిన్నర కిందట అపెండిక్స్ పగిలి ఆపరేషన్ జరిగింది. కానీ ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉండిపోయింది, ఎవరూ అడగలేదు, ఆయనకూ చెప్పాలని తోచలేదు.

ఈ వివరాలు వింటే మీకు ఏమనిపిస్తుంది? ఈ వయసులో పెద్దపేగు క్యాన్సర్ అనుకుంటారు. లేదంటే, మన దేశంలో కుడి పొత్తికడుపు గడ్డ అనగానే క్షయ గుర్తొస్తుంది. రెండూ సబబైన ఆలోచనలే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. పేగు క్షయకు ఇష్టమైన చోటు కూడా చిన్నపేగు, పెద్దపేగు కలిసే ఆ మూలే. పేగులో దీర్ఘకాలం వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి కూడా అక్కడే వస్తుంది, అమీబా గడ్డా అక్కడే వస్తుంది. సాధారణమైన వాటిని ముందు తలచుకోవడం తప్పని నేను అనను. క్షయ అనే ఆలోచన నిర్ధారణ కాకుండానే చికిత్సగా మారిపోవడం నన్ను కలవరపెడుతుంది. ఆరు నెలల క్షయ మందులు వేసి చూద్దాం, తగ్గితే క్షయే అనుకుందాం అనే పద్ధతి మన దగ్గర బాగా పాతుకుపోయింది. క్షయ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ క్షయ క్రిమి మీదే కాకుండా చాలా ఇతర బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. కాబట్టి కొంత జ్వరం తగ్గినంత మాత్రాన, కొంత నొప్పి తగ్గినంత మాత్రాన క్షయ నిరూపణ అయినట్టు కాదు. ముక్క తీయగలిగే చోట ముక్క తీసి, సీబీనాట్ పరీక్షకు (క్షయ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), కల్చర్‌కు (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడడం) పంపి ఆ తర్వాతే మందు మొదలుపెట్టండి.

మన కిరాణా దుకాణం ఆయనకు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేశారు. పేగు లోపలి పొర దాదాపు మామూలుగా ఉంది. బయటి నుంచి ఏదో నొక్కుతున్నట్టు మాత్రం కనిపించింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అంత పెద్ద గడ్డ చేతికి తగులుతుంటే, లోపలి పొర మీద పుండు లేదు, కండ పెరగలేదు. పెద్దపేగు క్యాన్సర్ మామూలుగా లోపలి పొరలోనే పుడుతుంది. మరి ఈ గడ్డ ఎక్కడ పుట్టింది? యాక్టినోమైకోసిస్ ఎక్కువగా పేగు గోడ బయటి భాగంలో, చుట్టుపక్కల కొవ్వులో విస్తరిస్తుంది కాబట్టి కొలనోస్కోపీ ఇలా ఖాళీగా రావడం దీని స్వభావం. సీటీ స్కాన్‌లోనూ ఇలాంటి సూచనలు ఉంటాయి: మందంగా మారిన పేగు గోడ, పక్కనున్న కండరంలోకి చొచ్చుకుపోయిన గడ్డ, అందులో చిన్న చిన్న చీము గూళ్లు. అంత విస్తరించినా చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు పెద్దగా వాయకపోవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. అన్నీ కలిసి వచ్చి, పాత అపెండిక్స్ ఆపరేషన్ కూడా తెలిస్తే, అప్పుడు ఈ పేరు నోట్లోంచి రావాలి.

పేరు నోట్లోంచి వస్తే చాలదు, కాగితం మీదికి రావాలి. ముందు వరుసల్లో ఉన్నవారు దయచేసి ఈ మాట మనసుకు పట్టించుకోండి. మా ల్యాబ్‌కు వచ్చే ఫారాల్లో చాలా వాటి మీద రెండే మాటలు ఉంటాయి: ‘పొత్తికడుపు గడ్డ’. ఎంతకాలంగా ఉంది, జ్వరం ఉందా, మధుమేహం ఉందా, ముందు ఆపరేషన్లు ఏవి, ఇప్పటికే ఏ యాంటీబయాటిక్ వాడారు, ఏమీ ఉండవు. ఎల్బీ నగర్‌లోని చిన్న నర్సింగ్ హోం నుంచి ఊరి ఆ చివరనున్న ల్యాబ్‌కు డబ్బా బైకు మీద చేరుతుంది. రోగి గురించి ల్యాబ్‌లో ఉన్న మనిషికి తెలిసేదంతా ఆ కాగితం మీదున్నదే. ఈ జబ్బులో రేణువులు చాలా తక్కువగా, అక్కడొకటి అక్కడొకటిగా ఉంటాయి. మొదటి కోతలో కనిపించకపోతే ‘దీర్ఘకాలిక వాపు, క్యాన్సర్ లేదు’ అని రిపోర్టు రాయడం సహజం. అదే ఫారం మీద ‘యాక్టినోమైకోసిస్ అనుమానం’ అని ఒక్క పంక్తి ఉంటే, ముక్కను మైనంలో పొదిగిన బ్లాకును మళ్లీ మళ్లీ లోతుగా కోయిస్తాం, ప్రత్యేకమైన రంగులు వేయిస్తాం. ఆ ఒక్క పంక్తితో రిపోర్టు మారిపోవచ్చు, రోగి జీవితమూ మారిపోవచ్చు.

మరొకటి ఆపరేషన్ థియేటర్‌లో జరగాల్సిన పని. తీసిన ముక్క మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేసేస్తే, అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కల్చర్‌కు ఇక అవకాశం ఉండదు. ముక్కను రెండు భాగాలు చేయండి. ఒకటి ఫార్మలిన్‌లో మాకు పంపండి. ఇంకొకటి శుభ్రమైన డబ్బాలో, గాలి సోకకుండా పంపే మాధ్యమంలో మైక్రోబయాలజీకి పంపండి. చీము ఉంటే దూదిపుల్లతో తుడిచి పంపకండి. సిరంజిలోకి లాగి, గాలి బయటికి తోసి, సూది తీసి మూతపెట్టి వెంటనే పంపండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. మైక్రోబయాలజీ వాళ్లకు ఫోను చేసి ఏం వెతుకుతున్నారో చెప్పండి. మామూలు కల్చర్ ప్లేట్లను కొద్ది రోజుల్లో పారేస్తారు. దీనికి గాలి లేని వాతావరణంలో కనీసం రెండు వారాలైనా ఉంచాలి. ఇంత చేసినా సగం కేసుల్లో ఏమీ పెరగకపోవచ్చు. అప్పటికే మెడికల్ షాపులో కొనుక్కుని వాడిన యాంటీబయాటిక్‌లు దానికి ఒక కారణం. కల్చర్ రాకపోయినా, సదుపాయం ఉన్నచోట 16ఎస్ జన్యుపరీక్షతో జాతిని గుర్తించే వీలుంది.

స్లయిడు మీద ఏం కనిపిస్తుంది? మధ్యలో నీలంగా, దట్టంగా అల్లుకున్న పోగుల ముద్ద. దాని అంచున గులాబీ రంగులో మొద్దుగా పొడుచుకొచ్చిన కిరణాలు. చుట్టూ చీముకణాలు. ఆ తర్వాత పీచు కణజాలం. గ్రామ్ రంగులో పోగులు ఊదారంగు పట్టుకుంటాయి. గోమోరి వెండి రంగులో నల్లగా తేలతాయి. నొకార్డియా అనే మరో బ్యాక్టీరియా కూడా ఇలాగే కొమ్మలేసిన పోగుల్లా ఉంటుంది, కానీ దాని చికిత్స వేరు. సవరించిన యాసిడ్ ఫాస్ట్ రంగు వేస్తే నొకార్డియా ఎర్రబడుతుంది, యాక్టినోమైసిస్ ఎర్రబడదు. ఆ తేడా చూడకుండా నేను రిపోర్టు మీద సంతకం పెట్టను.

రోగుల కుటుంబాలకు ఇక్కడ ఒక మాట. రిపోర్టు అంటే కాగితం ఒక్కటే అనుకోకండి. మీ స్లయిడ్లు, మైనపు బ్లాకులు ల్యాబ్‌లో భద్రంగా ఉంటాయి. రోగం మానకపోతే, లేదా రిపోర్టులో ‘ఖచ్చితంగా చెప్పలేం’ అని ఉంటే, వాటిని అడిగి తీసుకుని మరో పాథాలజిస్టుకు చూపించవచ్చు. మహబూబ్‌నగర్ నుంచో, ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్‌కు సంచి నిండా స్కాన్ ఫిల్ములు మోసుకొచ్చేవారిని చూస్తుంటాను. ఆ సంచిలో పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం కూడా పెట్టండి. కొన్నిసార్లు అన్ని ఫిల్ముల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

చికిత్సకు వద్దాం. పెన్సిలిన్ వచ్చేదాకా ఈ జబ్బుకు అయోడైడ్ ద్రావణాలు, కోతలు తప్ప పెద్దగా ఏమీ లేవు. 1940లలో పెన్సిలిన్ వచ్చాక పరిస్థితి పూర్తిగా మారింది. నేటికీ మొదటి మందు అదే. కానీ మోతాదు విషయంలో బెదిరిపోకూడదు. క్రిస్టలైన్ పెన్సిలిన్ రోజుకు 1.8 కోట్ల నుంచి 2.4 కోట్ల యూనిట్లు, నాలుగు గంటలకోసారి విభజించి నరంలోకి ఇస్తారు. 10 లక్షల యూనిట్ల సీసాలైతే రోజుకు 18 నుంచి 24 సీసాలు. మూత్రపిండాల పనితీరును బట్టి తగ్గిస్తారు. ఇలా రెండు నుంచి ఆరు వారాలు. ఆ తర్వాత 6 నుంచి 12 నెలల పాటు అమాక్సిసిలిన్ లేదా పెన్సిలిన్ వీ బిళ్లలు. అంతకాలం ఎందుకంటే, బ్యాక్టీరియా ముద్దల చుట్టూ ఉన్న పీచు గోడలోకి రక్తనాళాలు సరిగ్గా వెళ్లవు, మందు కొద్దికొద్దిగానే లోపలికి చేరుతుంది. గడ్డను ఆపరేషన్‌తో పూర్తిగా తీసేయగలిగినప్పుడు మూడు నెలలతో నయమైన కేసులు కూడా నమోదయ్యాయి. ఆ నిర్ణయం స్కాన్లు చూసి డాక్టరు తీసుకోవాలి. ఒంట్లో బాగుందని రోగి తనంతట తాను ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

ఆసుపత్రిలో ఉండలేనివారికి రోజుకు ఒకసారి ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ మేలైన ప్రత్యామ్నాయం. ఈ జబ్బులో యాక్టినోమైసిస్ ఒంటరిగా ఉండదు, పేగులోని ఇతర బ్యాక్టీరియాను కూడా వెంటేసుకొస్తుంది. అందుకే కడుపు కేసుల్లో మొదట్లో వాటికీ పనిచేసే మందును కలుపుతారు. ఇక్కడ పీజీలకు మరో హెచ్చరిక. కడుపు ఇన్ఫెక్షన్ అనగానే మన చెయ్యి మెట్రోనిడజోల్ రాస్తుంది, తోడుగా అమికాసినో, సిప్రోఫ్లాక్సాసినో రాస్తుంది. గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా చాలా వాటిమీద మెట్రోనిడజోల్ పనిచేస్తుంది, కానీ యాక్టినోమైసిస్ మీద పనిచేయదు. అమికాసిన్ పనిచేయదు. సిప్రోఫ్లాక్సాసిన్ మీద ఆధారపడలేం. ఈ మూడూ వాడినా గడ్డ తగ్గలేదంటే, అది కూడా ఒక సూచనగా తీసుకోండి.

పెన్సిలిన్ పడని వారికి డాక్సీసైక్లిన్ ఉంది. గర్భిణులకు మాత్రం ఇవ్వకూడదు. ఈ మందు గురించి చెప్పేటప్పుడు తెలుగువాళ్లుగా మనం ఒక పేరు తలచుకోవాలి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ పనిచేసిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందును మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీశారు. అది కూడా కొమ్మలేసిన పోగుల్లా పెరిగేదే, మన యాక్టినోమైసిస్‌కు దూరపు చుట్టమే. ఆ వంశంలో ఒకటి జబ్బు తెస్తే, ఇంకొకటి మందు ఇచ్చింది. తరగతిలో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆపరేషన్ ఎప్పుడు అవసరం? పెద్ద చీముగడ్డ ఉన్నప్పుడు, పేగుకు అడ్డుపడినప్పుడు, చీము దారులు మానకపోయినప్పుడు, క్యాన్సర్ కాదని తేల్చుకోలేకపోయినప్పుడు. అంతకుముందే స్కాన్ సాయంతో లావు సూదితో ముక్క తీసి జబ్బును నిర్ధారించగలిగితే చాలామందికి పేగు కోయాల్సిన పని ఉండదు. గుప్పెడంత గడ్డలు మందులతోనే కరిగిపోయిన స్కాన్లు నేను చూశాను.

సమయం అయిపోవస్తోంది. రెండు ప్రశ్నలు వచ్చాయి, జవాబు చెప్పి ముగిస్తాను.

మొదటిది ఒక గృహిణి అడిగారు: కాపర్-టీ వేయించుకున్నవారికి ఇది వస్తుందని విన్నాను, తీయించేసుకోవాలా? అవసరం లేదమ్మా. కాపర్-టీ గడువు దాటిపోయి ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయినవారిలో కటి భాగంలో ఈ జబ్బు అరుదుగా వస్తుంది. మన దగ్గర వేసే కాపర్-టీ 380ఏ అయితే 10 ఏళ్లు, 375 రకమైతే 5 ఏళ్లు. వేయించుకున్న తేదీ, రకం రాసి ఉన్న కార్డు దాచుకోండి, గడువుకు తీయించుకోండి. పాప్ పరీక్షలో (గర్భాశయ ముఖద్వారం కణాలను చూసే పరీక్ష) ‘యాక్టినోమైసిస్ లాంటి జీవులు’ అని వచ్చినా, నొప్పి, జ్వరం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట లాంటి లక్షణాలేవీ లేకపోతే మందులూ అక్కరలేదు, కాపర్-టీ తీయించుకోవడమూ అక్కరలేదు. లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టును కలవండి.

రెండోది వెనక నుంచి ఒక పెద్దాయన రాసి పంపారు: మా తమ్ముడికి ఈ జబ్బని తేలింది, ఇంట్లో పిల్లలున్నారు, కంచం, మంచం వేరు చేయాలా? వద్దండీ. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. మీ తమ్ముడిలోని బ్యాక్టీరియా ఆయన శరీరంలో ముందు నుంచీ ఉన్నదే. ఆయనతో కలిసి భోంచేయండి, పిల్లల్ని ఆయన దగ్గరికి వెళ్లనివ్వండి. ఆయన బిళ్లలు ఏ తేదీదాకా వేసుకోవాలో డాక్టరుచేత కాగితం మీద రాయించి, ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి. మందు పూర్తయ్యాక స్కాన్ ఎప్పుడు తీయాలో కూడా అదే కాగితం మీద రాయించండి. మధుమేహం ఉంటే చక్కెర అదుపులో ఉంచమనండి, పళ్ల డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్లండి. నమస్కారం.